టౌన్లో డాబా మీదకి పొగ తక్కువ వచ్చే చిన్న కట్టెల పొయ్యి: ఏ రకం తీసుకోవాలి?

దానవాయిపేట మేడ:

నమస్కారమండి. మాది రాజమండ్రి, దానవాయిపేట. కింద అద్దెకిచ్చి పైన మేముంటున్నాం, ఆ పైన డాబా. నాన్నగారు పోయాక అమ్మ అంబాజీపేట దగ్గర మా ఊరి నుంచి ఇక్కడికి వచ్చేసింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మాట, "నాకో కట్టెల పొయ్యి పెట్టించరా" అని. గ్యాస్ మీద వండింది తినదని కాదు. కానీ వేణ్ణీళ్లకీ, ఆదివారం కోడికూరకీ, చేపల పులుసుకీ కట్టెపొయ్యే ఉండాలంటుంది. పులసల కాలం దగ్గర పడేసరికి అడగడం ఇంకా ఎక్కువైంది.

మొన్న నేను ఆఫీసుకి వెళ్లాక డాబా మీద మూడు ఇటుకలు పేర్చి మంట వేసేసింది. పక్కింటివాళ్లు ఆరేసిన చీరలన్నీ పొగ కంపు. ఆవిడ మంచావిడ కాబట్టి నవ్వుతూ చెప్పారు. రెండోసారి నవ్వరు.

ఇంకో సంగతి. మా ఆవిడకి ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ వాడుతుంది. కాబట్టి వంటింట్లో పెట్టే మాటే లేదు. డాబా మీద మెట్ల గదిని ఆనుకుని రేకుల షెడ్డు ఉంది, మూడు వైపులా ఓపెన్. పెడితే అక్కడే. తోట చూసే అతను కొబ్బరి మట్టలు, చిప్పలు, పీచు డొక్కలు ఎన్ని కావాలంటే అన్ని ఆటోలో వేసి పంపుతానంటున్నాడు. కట్టెలు కావాలంటే దగ్గర్లోనే అడితి ఉంది.

బజార్లో ఒక షాపులో అడిగితే "అసలు పొగే రాదు సార్, బెడ్రూంలో పెట్టుకున్నా ఏం కాదు" అన్నాడు. ఆ మాట విన్నాకే నాకు అనుమానం వచ్చింది. ఫ్యాన్ ఉన్నది మంచిదా, లేనిదా? పొగగొట్టం పెట్టించాలా? నలుగురికి వంట, ఒక బకెట్టు వేణ్ణీళ్లు, ఇంతే అవసరం. వాడినవాళ్లు చెప్పండి, యూట్యూబ్ వీడియోలు చాలా చూశాను, అందులో అందరూ నవ్వుతూనే వండుతున్నారు.

భీమవరం కోడలు:

నేను ఫ్యాన్ పొయ్యి వాడుతున్నానండి. అడుగున చిన్న ఫ్యాను, ఫోన్ ఛార్జరుతో ఛార్జి చేసుకునే బ్యాటరీ ఉంటాయి. గాలి రెండు చోట్ల నుంచి వస్తుంది, కింద నుంచి కొంచెం, పై అంచు చుట్టూ ఉన్న బెజ్జాల్లోంచి ఎక్కువ. లోపలి నుంచి లేచిన పొగ ఆ పై గాలి తగలగానే అక్కడే మండిపోతుంది. అంటుకున్నాక పొగ కనపడదు, ఆ మాట నిజమే. అంటించేటప్పుడు మాత్రం కాసేపు వస్తుంది. ఎండిన కొబ్బరాకు, ఒక కర్పూరం బిళ్ల పెడితే ఆ కాసేపు తొందరగా గడిచిపోతుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. కట్టెల్ని వేలెడు ముక్కలుగా నరుక్కోవాలి. ఎవరు నరుకుతారు? మా ఇంట్లో నేనే. మంట ఆరకుండా మధ్యమధ్యలో ముక్కలు వేస్తూ ఉండాలి, పెద్ద గిన్నె పెడితే దాన్ని ఎత్తి వేయాలి. మా అత్తగారు ఆ ఫ్యాను చప్పుడు విని "ఇది పొయ్యా, మిక్సీయా" అని ఇప్పటిదాకా దాని దగ్గర కూర్చోలేదు. వానాకాలం తేమకి ఛార్జింగ్ పిన్ను పట్టేస్తుంది, వాడనప్పుడు కవర్లో చుట్టి లోపల పెడతాను.

అన్నానికీ పాలకీ పప్పుకీ చాలా బాగుంది, గ్యాస్ కంటే ఆలస్యమేమీ కాదు. సన్న సెగ మీద గంటలకి గంటలు మరగాల్సిన వంటకి మాత్రం నాకు నచ్చలేదు. ఫ్యాన్ స్పీడు బాగా తగ్గిస్తే అప్పుడు పొగ మొదలవుతుంది. కాబట్టి మీ అమ్మగారి పులుసుకి ఇది వద్దనే చెప్తాను.

కాకినాడ మాస్టారు:

ఆయాసం ఉన్న మనిషి ఇంట్లో ఉండగా ఈ చర్చ ఎందుకో నాకు అర్థం కాలేదు. సన్నటి ధూళి, అదే పీఎం 2.5, ఇరవై నాలుగు గంటల సగటున క్యూబిక్ మీటరు గాలిలో 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఎంత మంచి కట్టెల పొయ్యి అయినా దాని పక్కన కూర్చున్న మనిషికి అంతకంటే ఎక్కువే అందుతుంది. పొగ కంటికి కనపడలేదంటే లేనట్టు కాదు.

పైగా కార్బన్ మోనాక్సైడుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు. మంట ఆరిపోయినా నిప్పులు ఎర్రగా ఉన్నంతసేపూ అది వస్తూనే ఉంటుంది. బెడ్రూంలో పెట్టుకోమన్న ఆ షాపతన్ని ముందు తలుపులేసుకుని పడుకోమనండి. ఇండక్షన్ స్టౌ కొనివ్వండి, గొడవ వదిలిపోతుంది.

రావులపాలెం షెడ్డు:

మాస్టారు గారు చెప్పిందాంట్లో కొట్టేయాల్సింది ఏమీ లేదండి. కానీ కట్టెపొయ్యి అడిగిన పెద్దావిడకి ఇండక్షన్ కొనిస్తే ఏమవుతుందో ప్రశ్నలోనే ఉంది, అబ్బాయి ఆఫీసుకి వెళ్లాక మళ్లీ మూడు ఇటుకలు. ఆవిడ ఎలాగూ మంట వేస్తారు. ఆ మంట తక్కువ పొగతో, ఇంటికి బయట, మంచి పొయ్యిలో ఉండేలా చూడటమే మన పని. మీ ఆవిడ గారిని మాత్రం వంట అవుతున్నంతసేపూ డాబా ఎక్కనివ్వకండి. మెట్ల గది తలుపు కూడా వేసే ఉంచండి, లేకపోతే ఆ దారినే పొగ ఇంట్లోకి వస్తుంది.

నాది రావులపాలెంలో వెల్డింగ్ షెడ్డు. గేట్లు, గ్రిల్స్ మా అసలు పని. అడిగినవాళ్లకి పొయ్యిలు చేసిస్తా, బయట కొన్నవి రిపేరుకీ వస్తాయి. ఏ పొయ్యి ఎక్కడ చెడుతుందో తెలిసేది రిపేరుకి వచ్చినప్పుడే.

పొయ్యి కంటే ముందు కట్టె చూసుకోండి. తడి కట్టె వేస్తే ఎంత ఖరీదు పొయ్యి అయినా పొగ కక్కుతుంది. వేడంతా ఆ నీళ్లని ఆవిరి చేయడానికే పోతుంది, పొయ్యి లోపల చల్లబడుతుంది, పొగ మండకుండానే బయటికి వచ్చేస్తుంది. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. అడితిలో "ఎండినవే" అని ఇచ్చేవాటిలో సగం అలా ఉండవు. ఒక ముక్క తీసుకుని వంటింటి త్రాసు మీద తూచి, ఆ బరువు దానిమీదే పెన్సిల్‌తో రాసి ఎండలో పడేయండి. రెండు మూడు రోజులకోసారి తూచండి. బరువు తగ్గడం ఎప్పుడు ఆగిందో అప్పుడు ఎండినట్టు. రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి, దబ్బుమంటే పచ్చిది. మంటలో పెట్టినప్పుడు వెనక చివర నురగ కడితే ఇంక చెప్పక్కర్లేదు. మన గోదారి గాలికి వానల్లో షెడ్డు కింద ఉన్న కట్టె కూడా తేమ లాగేసుకుంటుంది, అందుకని వేసవిలోనే ఎండబెట్టి నేలకి తగలకుండా ఇటుకల మీద పేర్చుకోండి. అన్నిట్లోకీ సరుగుడు మేలు. తిన్నగా చీలుతుంది, గట్టి కట్టె, చాలాసేపు కాలుతుంది. రంగేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు పెట్టొద్దు, వాటి పొగలో విషముంటుంది.

ఇక పొయ్యి. మీకు ఫ్యాన్ లేని రాకెట్ రకం సరిపోతుంది. 1980ల్లో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని అప్రోవెచో అనే పరిశోధన కేంద్రంలో ల్యారీ వినియార్స్కీ అనే ఇంజినీరు దీని సూత్రాలు తేల్చాడు. ఇప్పుడు అమ్మే చాలా పొయ్యిలకి అవే ఆధారం. కట్టె పెట్టడానికి అడ్డంగా ఒక మూతి, దాని వెనక నిలువుగా ఒక గొట్టం. గొట్టం చుట్టూ వేడిని బయటికి పోనివ్వని తేలికపాటి సరుకు నింపుతారు. లోపల బాగా వేడెక్కి పొగ గిన్నె దాకా వెళ్లేలోపే మండిపోతుంది. కట్టె మొత్తం లోపలికి తొయ్యకూడదు, కొసలు మాత్రమే కాలాలి, కాలేకొద్దీ ముందుకి జరపాలి. మంట తగ్గాలంటే ఒక పుల్ల బయటికి లాగేయడమే.

చుట్టూ నింపే ఆ సరుకు దగ్గరే తేడా వస్తుంది. కొంతమంది మట్టి, ఇసుక దట్టించి "బరువు చూడండి, ఎంత గట్టిగా ఉందో" అని అమ్ముతారు. బరువున్నది వేడిని తనే తాగేస్తుంది, అరగంటసేపు పొయ్యికే వంట చేసినట్టు ఉంటుంది. మేము రైస్ మిల్లు ఊక బూడిద నింపుతాం. తేలిక, దాంట్లో చాలా భాగం సిలికాయే కాబట్టి ఎంత వేడికైనా ఆగుతుంది. ఉక్కు ఫ్యాక్టరీల్లో కరిగిన ఉక్కు మీద వేడి పోకుండా చల్లేది ఇదే. మన జిల్లాల్లో దీనికి కరువు లేదు. నింపేటప్పుడు మాత్రం ముక్కుకి గుడ్డ గట్టిగా కట్టుకోవాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

షాపుకి వెళ్తే మూతిలోకి చెయ్యి పెట్టి చూడండి. కట్టెలు ఆనడానికి ఒక రేకు అర ఉండాలి, దాని కింద నుంచి గాలి పోవాలి. అది లేకపోతే కట్టెలే గాలికి అడ్డం పడతాయి. లోపలి గొట్టం ఏ రేకో అడగండి. మామూలు ఇనుప రేకు అయితే ఎర్రగా కాలి కాలి పొలుసులు లేస్తుంది, ఆపైన మన తేమ. నా దగ్గరికి రిపేరుకి వచ్చేవాటిలో ఎక్కువ ఇలా అడుగు చిల్లులు పడ్డవే. లోపల కాస్త మందమైన స్టెయిన్‌లెస్ ఉన్నదే తీసుకోండి. తర్వాత గిన్నె ఆనే కాళ్లు. గిన్నెకీ గొట్టం అంచుకీ మధ్య సందు మరీ తక్కువైతే మంట మూతిలోంచి వెనక్కి తంతుంది, ఎక్కువైతే వేడి పక్కలకి పోతుంది. మూతి, గొట్టం, ఆ సందు, మూడు చోట్లా గాలి పోయే జాగా సుమారుగా సమానంగా ఉండాలి.

బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, పెట్టిన ప్రమాణం ఐఎస్ 13152 ప్రకారం పరీక్ష చేయించారా అని అడగండి. దాని ప్రకారం ఫ్యాన్ లేని పొయ్యి కనీసం 25 శాతం వేడిని గిన్నెకి అందించాలి, ఫ్యాన్ ఉన్నది 35 శాతం. ధూళి కూడా ఫ్యాన్ లేనిదానికి గిన్నెకి అందే ఒక్కో మెగాజౌల్ వేడికి 350 మిల్లీగ్రాములు, ఉన్నదానికి 150 దాటకూడదు. అంటే భీమవరం చెల్లెమ్మ గారి పొయ్యి కాగితం మీద నేను చెప్పేదానికంటే శుభ్రమైనదే. కానీ రోజూ వేలెడు ముక్కలు నరకడం, ఛార్జింగ్ పెట్టడం మీ అమ్మగారి వల్ల అవుతాయా? ఆవిడ వాడకుండా మూలన పడేస్తే ఆ 35 శాతం ఎవరికి?

షాపులోనే అంటించి చూపించమనండి. కాదంటే బయటికి వచ్చేయండి. చూపిస్తే, మంట బాగా అందుకున్నాక పొయ్యి వెనక నల్లటి గోడో, ముదురు రంగు తలుపో ఉండేలా నిలబడి గిన్నె అంచులు చూడండి. తెల్లగోడ ముందు సన్న పొగ కనపడదు, అమ్మేవాళ్లకి ఆ సంగతి తెలుసు. నీళ్లు మరిగాక గిన్నె అడుగుని కాగితంతో తుడవండి. పొడి మసి అయితే ఫరవాలేదు. జిగటగా, తారులా అంటుకుంటే ఆ పొయ్యిలో పొగ మండట్లేదు.

కొబ్బరి చిప్పలు బోలెడున్నాయి అంటే పై నుంచి అంటించే డబ్బా పొయ్యి కూడా ఉంది. డబ్బా నిండా ముక్కలు నింపి మీద అంటిస్తారు, మంట కిందికి దిగుతూ చివరికి బొగ్గు మిగులుతుంది. శుభ్రంగానే మండుతుంది, కానీ ఒకసారి అంటించాక మధ్యలో ఆపలేం, మంట తగ్గించలేం. అది సరదా ఉన్నవాళ్లకి.

పొగగొట్టం అక్కర్లేదు. మూడు వైపులా ఓపెన్ షెడ్డులో అది చేసే పనల్లా పొగని మీ దగ్గర్నుంచి తీసి పక్కింటి కిటికీలోకి పంపడమే. ఇంట్లో కట్టే స్థిరమైన పొయ్యికయితే తప్పనిసరి. బెంగళూరులోని సైన్స్ పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీ వాళ్లు రూపొందించిన ఆస్ట్రా ఒలె అనే పొయ్యి అలాంటిదే, మూడు గిన్నెలకి ఒకే మంట, చివర గొట్టం. మీ నెత్తి మీది స్లాబు మీద మీరు అది కట్టలేరు.

స్లాబు అంటే గుర్తొచ్చింది. పొయ్యిని నేరుగా డాబా మీద పెట్టకండి. ఇసుక పరిచి, మీద ఇటుకలు వేసి, దానిమీద పెట్టండి, లేకపోతే వాటర్‌ప్రూఫింగ్ పగిలి వానకి కింద గదిలో కారుతుంది. సింటెక్స్ ట్యాంకుకీ, ప్లాస్టిక్ పైపులకీ దూరంగా ఉండాలి. మూతి గాలికి ఎదురుగా పెట్టొద్దు, మంట ఒక నిమిషం భగ్గుమని ఒక నిమిషం ఆరిపోతుంది. ఒక బకెట్టు నీళ్లు ఎప్పుడూ పక్కనే.

దానవాయిపేట మేడ:

చాలా థ్యాంక్సండి, షాపులో ఏం అడగాలో ఇప్పుడు తెలిసింది. మాస్టారు గారూ, మీ మాట మా ఆవిడకి చదివి వినిపించాను, మీకు ఒక అభిమాని దొరికింది.

మూడు సందేహాలు మిగిలాయి. డొక్కలు వాడొచ్చా? అవే ఎక్కువ వస్తాయి మాకు. కట్టెల ఖర్చు గ్యాస్ కంటే కలిసొస్తుందా? అమ్మ పులుసు పెట్టేది వెడల్పాటి మట్టి దాకలో, దాని అడుగు గుండ్రం. రాకెట్ పొయ్యి మీద అది నిలబడుతుందా?

రావులపాలెం షెడ్డు:

డొక్కలు వద్దండి. పీచు నీళ్లు పట్టుకుంటుంది, ఎండినా మండదు, కుములుతుంది. దోమలకి పొగ వేసుకోవడానికి బాగుంటుంది, అంతే. పీచు ఫ్యాక్టరీకి ఇచ్చేయమనండి, నాలుగు డబ్బులైనా వస్తాయి. మట్టలు చీల్చి ఎండబెట్టుకుంటే అంటించడానికి భలే ఉంటాయి, కానీ ఊరికే కాలిపోతాయి. చిప్పలు ఒకేసారి గుప్పెడు వేస్తే భగ్గున లేచి మసి చిమ్ముతాయి. సరుగుడు పుల్లలు బాగా అందుకున్నాక ఒక్కో ముక్క చొప్పున పెట్టండి.

ఖర్చు మీరే లెక్క వేసుకోండి. 14.2 కిలోల సిలిండరు స్టౌ మీద గిన్నెకి ఇచ్చే వేడి సుమారు 400 మెగాజౌల్స్. ఎండు కట్టె కిలోకి 16 మెగాజౌల్స్ ఉంటే 25 శాతం పొయ్యి మీద అందేది 4. అంటే ఒక సిలిండరుకి నూరు కిలోల కట్టె. మూడు ఇటుకల పొయ్యి మీద దానికి రెట్టింపు దాకా పోతుంది. మీ అడితిలో కిలో ఎంతో కనుక్కుని నూటితో గుణించండి. కొన్న కట్టెతో పెద్దగా ఏమీ మిగలదనే నా అనుమానం, తోట నుంచి వచ్చేది వాడితేనే లాభం. వేణ్ణీళ్ల సంగతి అయితే, పది లీటర్లు బాగా కాగడానికి అరకిలో పైచిలుకు కట్టె చాలు, మూత పెడితేనే సుమా.

దాక గురించి ఆడవాళ్లే చెప్పాలి. నేను చెప్పగలిగింది ఒక్కటే, రాకెట్ మంట నడిమధ్యలో సన్నగా, గట్టిగా తగులుతుంది. మట్టి అడుగుకి అది మంచిది కాదు.

భీమవరం కోడలు:

అవునండీ, నేరుగా పెడితే దాక పగులుతుంది, ముందు నీళ్లలో నానబెట్టినా సరే. పాత ఇనుప పెనం ఒకటి పొయ్యి మీద పెట్టి, దానిమీద దాక పెట్టండి. వేడి పెనమంతా పరుచుకుని నెమ్మదిగా తగులుతుంది. గుండ్రం అడుగు అయితే పెనానికి గుంట ఉండాలి, అట్ల పెనం పనికిరాదు. చింతపండు పులుసు ఉడుకు పట్టేదాకా రెండు పుల్లలు, చేప ముక్కలు వేశాక ఒక్కటే పుల్ల. మా వైపు పులసని ఆ తర్వాత నిప్పుల మీద మగ్గనిస్తాం, రాత్రి వండి పొద్దున తింటాం. ఈ పొయ్యిలో నిప్పులు పెద్దగా మిగలవు కాబట్టి చిన్న కుంపట్లో నాలుగు బొగ్గులు రాజేసుకుని దాక దానిమీదకి మార్చమనండి. మాస్టారు గారు చెప్పారు కదా, ఆ కుంపటి తెల్లవార్లూ డాబా మీదే ఉండాలి. పిల్లి వస్తుందని మెట్ల గదిలోకి తెచ్చి పెడతారేమో, అది అస్సలు వద్దు. దాక మీద మూత పెట్టి బరువు పెట్టండి చాలు.

రావులపాలెం షెడ్డు:

పెనం ఐడియా బాగుంది చెల్లెమ్మా, కానీ పెనం గొట్టాన్ని పూర్తిగా మూసేస్తే పొగ మూతిలోంచి వెనక్కి వస్తుంది. కాళ్లు ఒక అంగుళం ఎత్తు పెంచాలి. దానవాయిపేట సార్, పొయ్యి కొనే ముందు పెనం అంచు నుంచి అంచుకి ఎంత వెడల్పుందో, దాక పెట్టాక మొత్తం బరువెంతో చూసి ఇక్కడ రాయండి. షాపు పొయ్యి కాళ్లు దానికి ఆగుతాయో లేదో చెప్తాను. ఆగకపోతే ఒక ఇనుప రింగు చేసి ఇవ్వడం అరపూట పని.